బండి తీసే ముందు మనసు చూసుకున్నారా?

ఇంట్లో మాటామాటా పెరుగుతుంది. అన్నం ముందు నుంచి లేచి, తాళాలు అందుకుని బయటికొచ్చేస్తారు. ‘కోపంలో బండెందుకు?’ అని ఇంట్లోవాళ్లు అడిగితే ‘నాకేం కోపం లేదు’ అని ఇంకా గట్టిగా అరుస్తారు. మన మనసు ఎలా ఉందో మనకన్నా ముందు ఎదుటివారికి తెలిసిపోవడం మామూలే. చిక్కంతా బండి నడిపేది మనం కావడంతోనే.

మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ప్రతి పది మరణాల్లో ఏడింటికి అతివేగమే కారణమని కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క. క్యాజువాల్టీలో మేమూ గాయాలు రాస్తాం, మద్యం వాసన ఉందా అని చూస్తాం. ఏ మనసుతో బయల్దేరారన్నది ఏ కాగితంలోనూ ఉండదు.

అమెరికాలోని వర్జీనియా టెక్ పరిశోధకులు దాన్నీ చూశారు. 3,500 మందికి పైగా డ్రైవర్ల కార్లలో కెమెరాలు అమర్చి, రోజువారీ ప్రయాణాలను గమనించారు. 2016లో వెల్లడించిన ఫలితాల ప్రకారం, ధ్యాసపెట్టి నడిపే సమయంతో పోలిస్తే ఫోన్ చేత్తో పట్టుకుని నడిపినప్పుడు ప్రమాదం ముప్పు మూడున్నర రెట్లు. కోపం, దుఃఖం, ఏడుపు ముఖంలో కనిపిస్తున్నప్పుడు దాదాపు పది రెట్లు! ఫోన్ గురించి పిల్లలకు రోజూ చెబుతాం కానీ దీని గురించి చెప్పం.

కోపంలో చూపు ముందున్న బండికే అతుక్కుపోతుంది. పక్క సందులోంచి వచ్చే సైకిల్ కనబడదు. దుఃఖంలో కళ్లు రోడ్డు మీదే ఉంటాయి, ధ్యాస ఉండదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఒక్క సెకను ఏమరుపాటంటే దాదాపు 17 మీటర్లు చూడకుండా వెళ్లినట్టే.

మనసు ఒప్పుకోకపోయినా ఒళ్లు చెబుతుంది. దవడ బిగుసుకోవడం, స్టీరింగ్‌ను నలిపేసేలా పట్టుకోవడం, పొట్టి శ్వాసలు, అవసరం లేని హారన్... వీటిని గమనించగానే ‘నాకు కోపంగా ఉంది’, ‘భయంగా ఉంది’ అని పేరు పెట్టి చూడండి. చాదస్తంలా అనిపించొచ్చు. కానీ ఫొటోల్లోని ముఖాల్లో కనిపించే భావానికి పేరు పెట్టినప్పుడు, మెదడులో భయాన్ని, ఉద్వేగాన్ని రగిలించే అమిగ్డలా చురుకు తగ్గిందని 2007లో కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు గుర్తించారు. అది రోడ్డు మీద చేసిన పరిశోధన కాదు. కాబట్టి పేరు పెట్టి ఊరుకోకుండా, బండి పక్కకు ఆపి, శ్వాస మామూలయ్యాకే కదలండి.

ఇన్సులిన్ లేదా కొన్ని రకాల షుగర్ మాత్రలు వాడేవారికి ఇంకో మాట. ఉన్నట్టుండి చిరాకు, చెమట, వణుకు వస్తే అది కోపం కాకపోవచ్చు, షుగర్ పడిపోతుండొచ్చు. వెంటనే బండి ఆపి 15 గ్రాముల గ్లూకోజో, మూడు చెంచాల చక్కెరో తీసుకోండి. 15 నిమిషాలకు మళ్లీ పరీక్షించుకోండి. షుగర్ మామూలైనా ముప్పావుగంట దాకా నడపొద్దు. బీపీకో గుండెకో బీటా బ్లాకర్లు వాడుతుంటే వణుకు, దడ తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది.

అన్నిటికన్నా నాకు భయం వేసేది అర్ధరాత్రి ఫోన్లంటే. ఊళ్లో నాన్న పోయారని కబురొస్తుంది. కొడుకు భార్యాపిల్లల్ని కార్లో ఎక్కించుకుని తనే నడుపుతూ బయల్దేరతాడు. నిద్ర లేదు, కళ్లనిండా నీళ్లు, కడచూపు దక్కదేమోనన్న తొందర. ఆ రాత్రి అతని చేతికి తాళాలు ఇవ్వకండి. పక్కింటివారో, స్నేహితుడో, అద్దె డ్రైవరో నడపాలి. కబురు చెప్పేవారు కూడా ముందు ‘బండి మీదున్నావా?’ అని అడగండి. అవునంటే ‘పక్కకు ఆపి ఫోన్ చెయ్’ అని పెట్టేయండి. ఇప్పుడు ఫ్రీజర్ పెట్టెలు చిన్న ఊళ్లలోనూ అద్దెకు దొరుకుతున్నాయి. ‘నువ్వొచ్చేదాకా ఎత్తం, నెమ్మదిగా రా నాయనా’ అని ఇంటి పెద్దలు ఆ ఫోన్లోనే చెప్పేయొచ్చు.