చీములోని వల

గోరుచుట్టుకు నిమ్మకాయ తొడగడం, సెగగడ్డకు పసుపూ సున్నమూ పట్టు వేయడం మన ఇళ్ళలో తెలియనివారుండరు. గడ్డ పక్వమై చీము కారిపోగానే చెడు రక్తం పోయిందని ఊరట చెందుతాము. నిజానికి చీము చెడు రక్తం కాదు. అందులో అధికభాగం మన కోసం పోరాడి మరణించిన తెల్ల రక్తకణాలే. వాటిలో ముఖ్యమైనవి న్యూట్రోఫిల్స్. రక్తపరీక్ష చీటీలో ఈ పేరు పాఠకులు చూసే ఉంటారు. పెద్దవారి తెల్లకణాలలో సాధారణంగా సగానికి పైగా ఇవే.

ఇవి సూక్ష్మజీవులను మింగి చంపుతాయని వైద్యులకు చిరకాలంగా తెలుసు. 2004లో బెర్లిన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో బ్రింక్‌మన్, జిచ్‌లిన్‌స్కీ ప్రభృతులు మరొక వింతను వెల్లడించారు. ఈ కణం తన గర్భంలోని డి.ఎన్.ఎ.ను దారాలుగా విప్పి బయటకు వెదజల్లుతుంది. ఆ దారాలకు హిస్టోన్లు, ఎలాస్టేజ్ వంటి తీక్ష్ణ పదార్థాలు అంటి ఉంటాయి. సాలెగూటిలో ఈగ వలె సూక్ష్మజీవి అందులో చిక్కుకుంటుంది. ఇలా వల విసిరిన కణం చాలాసార్లు ఆ పనిలోనే ప్రాణం విడుస్తుంది.

పుండులో ఈ వల మేలే చేస్తుంది. అదే వల రక్తనాళాలలో విస్తారంగా పరచుకుంటేనే ప్రమాదం. రక్తఫలకికలు దారాలకు అతుక్కొని సన్నని నాళాలలో గడ్డలు కడతాయి. హిస్టోన్లు నాళాల లోపలి పొరను గాయపరుస్తాయి. ఊపిరితిత్తులకు, మూత్రపిండాలకు, కాలేయానికి రక్తం సరిగా అందదు. ఇన్ఫెక్షన్‌కు శరీరం అదుపు తప్పి స్పందించి, తన అవయవాలనే దెబ్బతీసుకొనే ఈ స్థితి పేరు సెప్సిస్. దానికి ఈ వలలే ఏకైక కారణం కాదు గాని, హాని పెంచే వాటిలో ఇవి ముఖ్యమైనవి.

సుశ్రుతుడు సూత్రస్థానం 17వ అధ్యాయంలో వ్రణశోథను ఆమ, పచ్యమాన, పక్వ దశలుగా విభజించాడు. 21వ అధ్యాయంలో దోషం స్వస్థానం విడిచి వ్యాపించడాన్ని ప్రసరం అన్నాడు. మహర్షులకు ఈ వలలు ముందే తెలుసునని చెప్పుకోవడం నాకు సమ్మతం కాదు. అయితే, ఒకచోట ఉన్న వాపు వేరు, దేహమంతా పాకిన వికారం వేరు అన్న వివేకం మాత్రం వారిదే.

ఆ వివేకం ఒకసారి నాకే లోపించింది. కొన్నేళ్ళ క్రితం మధుమేహం ఉన్న ఒక పెద్దావిడ అరికాలి పుండుతో వచ్చారు. త్రిఫలా కషాయంతో కడిగించి, కట్టు కట్టించి పంపాను. మూడవనాడు వణుకుతో జ్వరం వచ్చిందని కబురు చేశారు. పుండు పైకి తేటగానే ఉందనడంతో, ఒక రోజు చూద్దామన్నాను. మర్నాటికి ఆవిడ కన్నకొడుకును గుర్తుపట్టలేదు. మూత్రం దాదాపు ఆగిపోయింది. ఆసుపత్రిలో 15 రోజులుండి బతికారు గాని, రెండు కాలివేళ్ళు తీసివేయవలసి వచ్చింది. ఆ ఒక్కరోజు జాప్యం నాదే. మధుమేహుల న్యూట్రోఫిల్స్ వలలు విసరడానికి అతిగా సిద్ధంగా ఉంటాయనీ, పుండు మానడం అందువల్ల ఆలస్యమవుతుందనీ 2015లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. చక్కెరను అదుపులో ఉంచుకోవడం పుండుకు కూడా చికిత్సే.

పసుపులోని కుర్కుమిన్ వాపును తగ్గించగలదని ప్రయోగశాలలలో చూశారు. అయితే నోటి ద్వారా తీసుకున్నది రక్తంలోకి చేరేది స్వల్పం. పసుపు పాలతో సెప్సిస్ తగ్గదు. వలలను కరిగించే డి.ఎన్.ఏజ్ అనే ఎంజైముపై కూడా పరిశోధన సాగుతున్నదే తప్ప, సెప్సిస్‌కు అది స్థిరపడిన చికిత్స కాలేదు. సకాలంలో యాంటీబయాటిక్, సెలైన్, చీము తొలగించడం, ఇవే నేటికీ ప్రాణాధారం.

పుండు, దగ్గు, మూత్రంలో మంట వంటివి ఉన్న మనిషికి చలిజ్వరం గాని, ఒళ్ళు చల్లబడడం గాని, నిమిషానికి 22కు తగ్గని శ్వాస గాని, మాట తడబాటు, మగత, మూత్రం తగ్గడం గాని కనిపిస్తే గంటల మీద ఆసుపత్రికి చేర్చాలి. మగతలో ఉన్నవారి నోట కషాయం పోయరాదు. అది ఊపిరితిత్తులలోకి పోవచ్చు. పుండుకు ఏ ఆకు కట్టారో, ఏ మందు మింగించారో దాచక అక్కడి వైద్యునికి చెప్పండి.