ఇగువానా కాలి వాపు: రెండవ వైద్యాభిప్రాయం ఎందుకు అవసరం?

మధ్య, దక్షిణ అమెరికాలకు చెందిన పచ్చ ఇగువానా అనే శాకాహార బల్లి నేడు మన నగర గృహాలలోనూ పెంపుడు జంతువుగా కనబడుతున్నది. పాడి పశువుల, కోళ్ల చికిత్సలో ఆరితేరిన పశువైద్యునికి సైతం సరీసృపం కాలి వాపు అరుదుగా ఎదురయ్యే సమస్య. దెబ్బ తగిలిందని భావించి నొప్పి మందు, యాంటీబయాటిక్ ఇచ్చి పంపితే రెండు వారాల తరువాత కూడా వాపు అలాగే ఉండవచ్చు. దీనిని నిర్లక్ష్యమని అనలేము. పైకి ఒకేలా కనిపించే వాపుకు కారణాలు పలు ఉన్నాయి.

వానిలో ముఖ్యమైనది ఆహారలోపం వలన కలిగే ఎముకల వ్యాధి. మేతలో కాల్షియం తగ్గినా, భాస్వరం పెరిగినా పారాథైరాయిడ్ గ్రంథి విజృంభించి ఎముకల నుండి కాల్షియాన్ని లాగివేస్తుంది. బలహీనపడిన ఎముక చుట్టూ పీచు కణజాలం పేరుకొని తొడ గట్టిగా, లావుగా అవుతుంది. చూచేవారికి అది కండపట్టినట్లే తోచుతుంది. జంతువు ఏపుగా పెరుగుతున్నదని యజమాని సంతోషించడమూ కద్దు. అటువంటి కాలు చిన్న దూకుడుకే విరుగుతుంది. మేతలో కాల్షియం, భాస్వరం సుమారు 2:1 నిష్పత్తిలో ఉండాలి. పాలకూరలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని బంధిస్తాయి కనుక దానినే నిత్యం మేపరాదు. విటమిన్ డి3 తయారీకి 290–320 నానోమీటర్ల అతినీలలోహిత కిరణాలు కావాలి. కిటికీ అద్దం వీటిని చాలావరకు అడ్డుకొంటుంది. అద్దం వెనుక ఎండ పొడ ఎంత ఉన్నా ప్రయోజనం స్వల్పమే.

చీముగడ్డ, కీళ్లలో యూరిక్ ఆమ్లం చేరే గౌట్, ఎముక విరుగుట ఇతర కారణాలు. సరీసృపాల చీము ద్రవంగా ఉండక జున్నువలె గట్టిపడుతుంది. సూదితో తీయబోతే రాదు, కోసి తొలగించవలసినదే. గౌట్‌కు మూత్రపిండాల వ్యాధితో సంబంధం ఉన్నందున, మూత్రపిండాలపై భారం మోపే నొప్పి మందులు, కొన్ని యాంటీబయాటిక్‌లు ప్రాణాపాయం కలిగించగలవు. వెనుక కాలి రక్తం కొంత మూత్రపిండాల గుండా పోవుట చేత ఇంజెక్షన్లను ముందు భాగంలో ఇవ్వడం మేలని భావిస్తారు. ఆకు పసుపు రంగుకు తిరిగినంత మాత్రాన యూరియా చల్లరాదని రైతుకు చెప్పే శాస్త్రజ్ఞులకు ఈ జాగ్రత్త కొత్తది కాదు: లేత ఆకులు పాలిపోతే ఇనుమును, ముదురు ఆకులు పాలిపోతే నత్రజనిని అనుమానిస్తాము గదా!

ఎక్స్‌రే తీయకుండా, రక్తంలో కాల్షియం, భాస్వరం, యూరిక్ ఆమ్లం పరీక్షించకుండా చికిత్స సాగుతూ వాపు తగ్గనప్పుడు రెండవ అభిప్రాయం కోరాలి. మొదటి వైద్యునికి ఆ మాట చెప్పి, ఇచ్చిన మందుల పేర్లు, మోతాదులు, తేదీలు వ్రాయించుకొని వెళ్లడం మర్యాదయే కాక అవసరం కూడా. అదే మందు రెండుమార్లు పడే ప్రమాదం తప్పుతుంది. గూడు ఫోటో, దీపం రకం, అది కొన్న తేదీ, గూటి ఉష్ణోగ్రత, వారం రోజుల మేత వివరాలు వెంట ఉండాలి. రాజేంద్రనగర్, తిరుపతి పశువైద్య కళాశాలల వంటి బోధనాసుపత్రులలో గాని, సరీసృపాలను చూచే అనుభవమున్న వైద్యుని వద్ద గాని విచారించవచ్చును. ప్రయాణంలో కాలిని పట్టి లేపక, మెత్తని గుడ్డ పరచిన పెట్టెలో వెచ్చగా తీసికొనిపోవాలి.

రోగనిర్ధారణ సరియైనదైనా ఎముక తిరిగి గట్టిపడడానికి నెలలు పట్టవచ్చు. వంకర కొంత మిగిలిపోవచ్చును కూడా. వారానికే వాపు తీయలేదని మూడవ వైద్యుని వెదకుట కన్న, రెండవ వైద్యుడు చెప్పిన తేదీకి మరల ఎక్స్‌రే తీయించుట మేలు.