హూనికార్న్ పిచ్చిలో నా ఆర్‌ఎక్స్ 100

2014 నవంబరు. విజయవాడలో బీటెక్ మూడో ఏడాది. జియో ఇంకా రాలేదు. నా 3జీ ఫోన్‌లో వీడియో ఒక నిమిషం ఆడితే రెండు నిమిషాలు చక్రం తిరిగేది. అలా ఆగి ఆగి చూశాం నేనూ తమ్ముడూ, ‘జిమ్‌ఖానా సెవెన్’ని. లాస్ ఏంజెలిస్ వీధుల్లో 1965 నాటి ఫోర్డ్ మస్టాంగ్ ఒకటి నాలుగు టైర్ల నుంచీ పొగ కక్కుతూ పక్కకి జారిపోతోంది. బానెట్‌లోంచి గొట్టాలు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. ఆ శబ్దానికి హెడ్‌ఫోన్స్ లాగేసుకుని మరీ నవ్వాడు మావాడు.

నడిపింది కెన్ బ్లాక్. డీసీ షూస్ కంపెనీ పెట్టినవాళ్లలో ఒకడు, తర్వాత ర్యాలీ డ్రైవరయ్యాడు. ఆ కారు ముద్దుపేరు హూనికార్న్.

చూడటంతో ఆగితే బాగుండేది. బాబాయి వాడి వదిలేసిన యమహా ఆర్‌ఎక్స్ 100 మా ఇంట్లో ఉంది. 98 సీసీ, 11 హార్స్‌పవర్. నాలుగు నెలల పాకెట్ మనీ పోసి సిలిండర్‌కి పోర్టింగ్ చేయించా, పెద్ద కార్బ్యురేటర్ పెట్టించా, ఎక్స్‌పాన్షన్ చాంబర్ సైలెన్సర్ బిగించా. ‘‘బ్రేకులు కూడా చూసుకో తమ్ముడూ’’ అన్నాడు మెకానిక్ అన్న. ‘‘వచ్చే నెల చూద్దాంలే అన్నా’’ అన్నా. డబ్బులైపోయాయి మరి!

ఆ వచ్చే నెల రాకముందే రింగ్ రోడ్డు మీద గేదె అడ్డొచ్చింది. ముందూ వెనకా పాత డ్రమ్ బ్రేకులే. నొక్కాను. ఆగలేదు. నాకు మోచేతులు కొట్టుకుపోయాయి. వెనక కూర్చున్న తమ్ముడికి కాలర్‌బోన్ విరిగింది. అమ్మ వారం రోజులు నాతో మాట్లాడలేదు. గేదెకి మాత్రం ఏమీ కాలేదు.

మంచం పక్కన కూర్చుని మళ్లీ అదే వీడియో చూశా. ఈసారి ఇంజిన్‌ని కాదు, మిగతా కారుని.

1965లో మామూలు మస్టాంగ్ ఆరు సిలిండర్ల ఇంజిన్ ఇచ్చేది 120 హార్స్‌పవర్. అన్నిటికన్నా ఘాటైన వీ8 అయితే 271. పవర్ వెనక చక్రాలకే వెళ్లేది, చాలావాటికి డ్రమ్ బ్రేకులే ఉండేవి. హూనికార్న్‌లో కూర్చోబెట్టింది నాస్కార్ రేసులకి ఇంజిన్లు చేసే రౌష్ యేట్స్ వాళ్ల 6.7 లీటర్ల వీ8. దాని పవర్ 845. అంటే మామూలు మస్టాంగ్‌కి ఏడు రెట్లు! ఆ ఇంజిన్ని పాత బాడీలో అలాగే బిగిస్తే ఏమవుతుందో రింగ్ రోడ్డు మీద నేను చూసేశా కదా.

అందుకే ఏఎస్‌డీ మోటార్‌స్పోర్ట్స్ వాళ్లు ముందు అస్థిపంజరం మార్చారు. లోపల ఉక్కు గొట్టాలతో వెల్డింగ్ చేసిన రేస్ చాసిస్. అది ఒంగదు, మెలిపడదు, కారు బోల్తాపడితే డ్రైవర్‌కి పంజరంలా కాపలా కాస్తుంది. పవర్‌ని రెండు చక్రాల మీదే వేస్తే అవి ఊరికే తిరుగుతాయి కాబట్టి నాలుగింటికీ పంచారు. సాడెవ్ కంపెనీ ఆరు గేర్ల సీక్వెన్షియల్ గేర్‌బాక్స్, పెద్ద డిస్క్ బ్రేకులు. వెనక చక్రాల్ని ఒక్కసారిగా బిగించి కారుని తిప్పడానికి పొడవాటి హైడ్రాలిక్ హ్యాండ్‌బ్రేక్. వెడల్పు టైర్లు పట్టేలా కార్బన్ ఫైబర్‌తో రెక్కల్లాంటి ఫెండర్లు. ఈ తయారీకి రెండేళ్లు పట్టింది. నాకు నాలుగు నెలలు కూడా ఓపిక లేకపోయింది.

ఇంత మార్చాక ఇంకా అది మస్టాంగేనా? పాత కార్లని ప్రాణంగా చూసుకునేవాళ్లకి ఇలా కోయడం పాపమే. నా మటుకు నాకు, 65 మోడల్ కారునే అలాగే ఉంచి 845 హార్స్‌పవర్ పెట్టడం అసలు పాపం. (ఇదంతా షో కోసం, రేసు కోసం కట్టిన కారు. మన దగ్గర రోడ్డు మీద తిరిగే బండిని ఆర్‌సీలో ఉన్న కంపెనీ స్పెసిఫికేషన్ దాటి మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతోంది. అది నాకు పడ్డాక తెలిసింది.)

2016లో బ్లాక్ మళ్లీ ఆ కారుని విప్పించాడు. రెండు టర్బోలు, మెథనాల్ ఇంధనం, 1,400 హార్స్‌పవర్! మెథనాల్ ఆవిరవుతూ లోపలికెళ్లే గాలిని చల్లబరుస్తుంది, అందుకే టర్బోలు అంత గట్టిగా ఊదినా ఇంజిన్ తట్టుకుంటుంది. దాంతో కొలరాడోలోని పైక్స్ పీక్ ఎక్కాడు. 156 మలుపులు, శిఖరం ఎత్తు 14,115 అడుగులు, చాలాచోట్ల పక్కన గోడ కూడా ఉండదు. ‘క్లైంబ్‌ఖానా’ వీడియోలో ఒక మలుపు దగ్గర వెనక చక్రం లోయ అంచుని రాసుకుంటూ పోతుంది. ఎన్నిసార్లు చూసినా అక్కడ నా కాలు దానంతటదే బ్రేక్ కోసం వెతుకుతుంది.

కానీ నన్ను కదిలించింది అది కాదు. 2021లో ఆ 1,400 హార్స్‌పవర్ కారు స్టీరింగ్‌ని బ్లాక్ తన కూతురు లియా చేతికిచ్చాడు. ఆ పిల్లకి 14 ఏళ్లు! ఖరీదైన సూపర్ కార్లతో డ్రాగ్ రేసుల్లో నడిపింది. మొదట నాకు కోపమొచ్చింది, ఏం తండ్రిరా బాబూ అని. తర్వాత అనిపించింది, ఆ కారులో ప్రతి గొట్టం ఎందుకుందో ఎరిగిన మనిషి ఇచ్చాడు కదా. నేను తమ్ముడిని ఎక్కించుకున్నప్పుడు నా బండి గురించి నాకేం తెలుసు?

2023 జనవరి 2న యూటాలో స్నోమొబైల్ ప్రమాదంలో కెన్ బ్లాక్ పోయాడు. ఆ వార్త తమ్ముడే వాట్సాప్‌లో పంపాడు, ఒక్క మాట కూడా రాయకుండా. అదే ఏడాది లియా అమెరికన్ ర్యాలీలో టూ వీల్ డ్రైవ్ విభాగం చాంపియన్ అయింది. 16 ఏళ్లకే.

ఆర్‌ఎక్స్ ఇంకా ఇంట్లోనే ఉంది. ఇంజిన్‌ని మళ్లీ కంపెనీ లెక్కకి తెచ్చేశా, బ్రేక్ షూలు కొత్తవి వేయించా. పండక్కి వెళ్తే టీ తాగొద్దాం పదరా అంటా. తమ్ముడు వస్తాడు. ఎక్కేముందు మాత్రం ఎడమ భుజం ఒకసారి తడుముకుని, ‘‘తాళాలు ఇటివ్వరా అన్నా’’ అంటాడు.