సమ్మోహన విద్యకు పట్టా చాలునా?

మన సోలాపురపు నేతపేటలోని విద్యార్థి యొకడు ఒక ప్రకటనను తెచ్చి, "సార్, పది దినములలో హిప్నాటిజము నేర్పి సర్టిఫికెట్టు ఇత్తురట. చేరుదునా?" అని మమ్ము అడిగెను. రుసుమునకై అతని తల్లి బీడీలు చుట్టి కూడబెట్టిన సొమ్మును తీయనున్నది. కావున ఈ విషయమును అందరికిని తెలుపుచున్నాము.

హిప్నాటిజము మంత్రము కాదు. చికిత్సకుని మాటవెంట మనస్సు ఒక్క విషయముపై నిలిచి, తక్కినవానిని మరచు స్థితియే అది. 1845లో, మత్తుమందు ఇంకను వాడుకకు రాని కాలమున, జేమ్స్ ఎస్డెయిల్ అను వైద్యుడు హుగ్లీలో రోగులను ఇట్టి స్థితిలో నుంచి శస్త్రచికిత్సలు చేసెను. నేడు నొప్పిని, ఆందోళనను తగ్గించుటకు ఇతర చికిత్సలకు తోడుగా దీనిని వాడుచున్నారు. అయితే తెలియనివాని చేతిలో ఇది ప్రమాదకరము. జరుగని సంగతులు జరిగినట్లు రోగి నమ్మవచ్చును. తీవ్రమైన మనోవ్యాధి గలవారికి వ్యాధి ముదురవచ్చును.

కొద్దినాళ్ల తరగతి ముగింపున ఇచ్చు పత్రము హాజరును తెలుపునే గాని, మనోవ్యాధులకు చికిత్స చేయు అర్హత నీయదు. అందులకు ముఖ్యమార్గములు రెండు. ఒకటి, ఎం.బి.బి.ఎస్. ముగించి మానసిక వైద్యమున ఎం.డి. పొందుట. రెండవది, మనస్తత్వశాస్త్రము చదివి, భారత పునరావాస మండలి గుర్తించిన క్లినికల్ సైకాలజీ శిక్షణ పొంది, ఆ మండలి పట్టికలో పేరు నమోదు చేయించుకొనుట. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమును క్లినికల్ సైకాలజిస్టునకు ఆ మండలి గుర్తించిన చదువునే కోరుచున్నది. హిప్నాటిజమును ఆ చదువునకు తోడుగా నేర్చుకొనవలెను.

పడుగు లేనిదే పేక ఎచ్చట నిలుచును? ఆ చిన్నవానికి ఇదియే చెప్పితిమి. ఆ సొమ్మును కళాశాల చదువునకై దాచి యుంచుడని అతని తల్లిగారికిని విన్నవించితిమి.