తిరుగాడే జీవి, కుండీలోని మొక్క

హజ్రత్ అబూ ఖతాదా (రజి) గారి వుజూ కొరకు కోడలు కబ్షా నీళ్ళు తెచ్చి ఉంచగా, ఒక పిల్లి వచ్చి ఆ పాత్ర వైపు మూతి చాపింది. ఆయన దానిని అదలించలేదు. అది సుఖంగా త్రాగేందుకు పాత్రను దాని వైపు వంచారు. కోడలు ఆశ్చర్యంగా చూడటం గమనించి, పిల్లి అశుద్ధమైనది కాదనీ, అది మన మధ్య తిరుగాడుతూ ఉండే జీవులలోనిదనీ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) సెలవిచ్చిన విషయాన్ని ఆమెకు తెలియజేశారు. అబూ దావూద్, తిర్మిజీ తదితర గ్రంథాలలోని ఈ హదీసును మా మదర్సాలలో శుద్ధి ప్రకరణంలో బోధిస్తాము. పిల్లి ఎంగిలి నీటిపై ఫుఖహాల మధ్య ఉన్న సూక్ష్మ భేదాలతో ఆ పాఠం చాలాసేపు నడుస్తుంది. ఇక్కడ మాకు కావలసింది మాత్రం ఒక్క మాటే: తిరుగాడేది.

తిరుగాడే జీవికి అందని చోటు ఇంటిలో ఉండదు. అల్మారా పైభాగం, కిటికీ గట్టు, వేలాడదీసిన కుండీ అన్నీ దాని సంచార మార్గాలే. మన పెద్దల కాలంలో చిత్తూరు, పుంగనూరు, పలమనేరు వీధులలోని ఇళ్ళకు పెరడు ఉండేది. పిల్లి తన ఇష్టానుసారం వచ్చేది, పోయేది. ఏ ఆకు కొరకాలో, దేనిని వాసన చూసి వదలాలో దాని ఎంపికకే ఉండేది. నేడు తిరుపతిలో మూడవ అంతస్తులో, నాలుగవ అంతస్తులో కాపురాలు. బెంగళూరు నుండో, చెన్నై నుండో పర్షియన్ జాతి పిల్లిని తెచ్చుకుంటున్నారు. అది బయటికి పోతే తిరిగి రాదన్న భయంతో తలుపులు మూసే ఉంచుతున్నారు. పెరడు లేనందువల్ల మొక్కలు కూడా గదిలోకే వచ్చాయి. పిల్లీ, మొక్కా ఒకే నాలుగు గోడల మధ్య పడ్డాయి.

పిల్లిని బంధించి శిక్షకు గురైన స్త్రీ గురించిన హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్నది. ఆమె దానికి తిండి పెట్టలేదన్న భాగం అందరికీ గుర్తుంటుంది. నేలపై దొరికే పురుగూ పుట్రా ఏరుకొని తినేందుకైనా ఆమె దానిని వదలలేదన్న భాగాన్ని మనం త్వరగా దాటిపోతాము. మా అవగాహన మేరకు నేరమంతా అక్కడే ఉన్నది. ఒక జీవి స్వేచ్ఛను మనం తీసుకున్నామంటే, దాని నోటికి అందే ప్రతి వస్తువుకూ మనమే బాధ్యులము. అలాగే, ఒక ముస్లిం నాటిన మొక్క నుండి మనిషి గాని, పక్షి గాని, పశువు గాని తింటే అది అతనికి సదఖా అవుతుందనే శుభవార్త కూడా ఆ రెండు గ్రంథాలలో ఉన్నది. మరి మన ఇంట మనమే పెంచిన మొక్కను తిని మన పిల్లి ప్రాణం విడిస్తే దానిని ఏ ఖాతాలో వ్రాసుకోవాలి? ఈ ప్రశ్నను కొంచెం వివరంగా చూద్దాము.

పిల్లి మాంసాహారి. మొక్కలలోని అనేక విష పదార్థాలనూ, మనం వాడే కొన్ని మందులనూ విరిచి బయటికి పంపే శక్తి దాని కాలేయానికి చాలా తక్కువ. జ్వరానికి మనం వేసుకునే పారాసిటమాల్ మాత్ర ఒక్కటి పిల్లిని చంపగలదని ఎంతమందికి తెలుసు? పైగా అది రోజంతా తన ఒంటిని తానే నాకి శుభ్రం చేసుకుంటుంది. ఆకు తినకపోయినా, బొచ్చుపై పడిన పుప్పొడి నాలుక ద్వారా కడుపులోకి చేరుతుంది.

అన్నింటికంటే ప్రమాదకరమైనది లిల్లీ. అయితే ఇక్కడ పేరుతోనే చిక్కు ఉన్నది. మన పూల అంగళ్ళలో లిల్లీ అని అమ్మే తెల్లని, సువాసన గల పూలు నిజానికి నేలసంపెంగలు. వాటికి అసలు లిల్లీ జాతితో సంబంధం లేదు. అసలు లిల్లీ అంటే పెద్ద బాకా వంటి పూలు, పొడవైన కేసరాలు, వాటిపై ముదురు నారింజ రంగు పుప్పొడి కలిగినది. వలీమా వేదికల అలంకరణలోనూ, ఖరీదైన పూలగుత్తులలోనూ కనిపిస్తుంది. దీని ఆకు, రేక, పుప్పొడి, చివరకు పూలను ఉంచిన పాత్రలోని నీరు కూడా పిల్లి మూత్రపిండాలను నాశనం చేస్తాయి. పగటి లిల్లీ అని నర్సరీలలో దొరికే మొక్క కూడా ఇంతే. ఆశ్చర్యమేమంటే, అదే పూవును కుక్క తింటే దాని మూత్రపిండాలకు ఈ హాని జరగదు.

ఈ విషం మోసకారి. మొదటి కొన్ని గంటలలో పిల్లి వాంతి చేసుకుంటుంది, చొంగ కారుస్తుంది, మూలన ముడుచుకొని పడుకుంటుంది. తరువాత వాంతులు ఆగుతాయి. ఇంటివారు కుదుటపడిందని సంతోషిస్తారు. లోపల మూత్రపిండాలు పనిచేయడం మానుతూ ఉంటాయి. 24 నుండి 72 గంటలలో అవి పూర్తిగా దెబ్బతింటాయి. దీనికి విరుగుడు మందు లేదు. 18 గంటలలోపు వైద్యుని వద్దకు చేర్చి రక్తనాళం ద్వారా ద్రవాలు ఎక్కిస్తే బ్రతికే అవకాశం బాగా ఉంటుంది. ఆ తరువాత ఆశ వేగంగా సన్నగిల్లుతుంది. కనుక పిల్లి ఉన్న ఇంటికి లిల్లీ పూలగుత్తి కానుకగా వస్తే దానిని పైన పెడదాము, ప్రక్క గదిలో పెడదాము అనే ఆలోచన వద్దు. గుమ్మం దాటించవద్దు. పెళ్ళివారి ఇంటికి వెళ్ళేటప్పుడు వారింట పిల్లి ఉన్నదేమో కనుక్కొని పూలు కొనడం కూడా మర్యాదలో భాగమే.

రెండవ వర్గం విషయం మన గృహిణులకు కొత్తగా చెప్పనక్కరలేదు. చేమాకు పచ్చిగా తగిలితే నోరు, గొంతు ఎలా దురద పెడతాయో వారికి తెలుసు. కంద తరిగిన చేతుల సంగతీ తెలుసు. ఆ దురదకు కారణం ఆక్సలేట్ అనే పదార్థపు సూదుల వంటి స్ఫటికాలు. మనీ ప్లాంట్, డిఫెన్‌బేకియా, సింగోనియం, అగ్లోనిమా, ఆంథూరియం, మాన్‌స్టెరా, పీస్ లిలీ అన్నీ చేమకు దాయాదులే, అన్నింటిలోనూ ఆ సూదులున్నాయి. పీస్ లిలీ పేరులో లిలీ ఉన్నా అది లిల్లీ కాదు. మూత్రపిండాలను ముట్టదు, నోటిని మండిస్తుంది. వీటిని కొరికిన పిల్లి మూతిని పాదాలతో రుద్దుకుంటుంది, చొంగ కారుస్తుంది, ఒకటి రెండు పూటలు తినదు. సాధారణంగా ప్రాణాపాయం ఉండదు. అయినా నోరు లేని జీవికి నోటి బాధ పెట్టడమెందుకు? మనీ ప్లాంట్ పెరిగితే ఇంట డబ్బు పెరుగుతుందన్న నమ్మకం మన ఇళ్ళలోకి కూడా ప్రవేశించింది. ఉపాధి ప్రదాత ఎవరో తెలిసినవారికి దీనిపై మేము వేరే చెప్పనక్కరలేదు. పిల్లి ఉన్న ఇంట దానిని తొలగించడానికి ఇది రెండవ కారణం.

కుండీలో గుండ్రంగా, ఈతమట్టల వలె గట్టి ఆకులతో పెరిగే సాగో పామ్ సంగతి వేరు. పేరులో పామ్ ఉన్నా అది తాటి, ఈత కుటుంబానికి చెందినది కాదు. సైకస్ అనే అతి ప్రాచీన వర్గానికి చెందినది. మన ప్రాంతానికి ఈ వర్గంతో ప్రత్యేకమైన బంధం ఉన్నది. సైకస్ బెడ్డోమీ అనే అరుదైన జాతికి శేషాచల కొండలే పుట్టినిల్లు, అంతర్జాతీయ వ్యాపారంపై కఠినమైన నిషేధం ఉన్న మొక్కలలో అది ఒకటి. కొండమీద అది కాపాడుకోవలసిన సంపద. దాని దాయాది గదిలో ఉంటే పిల్లికి మృత్యువు. సాగో పామ్‌లో ప్రతి భాగమూ విషమే, గింజ మరీ విషం, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఇక గన్నేరు, దాని కుటుంబానికే చెందిన ఎడారి గులాబీ గుండె లయను చెరుపుతాయి. మిద్దె మీద ఎడారి గులాబీని బోన్సాయి వలె పెంచడం ఇటీవల ఒక మోజు అయింది.

ఔషధ మొక్కలని మనం నమ్మకంగా పెంచుకునేవాటిలోనూ కొన్ని ఉన్నాయి. మూత్రపిండాలలో రాళ్ళు కరుగుతాయని ప్రతి ఇంటా కనిపించే రణపాలలో గుండెపై పనిచేసే విష పదార్థాలున్నాయి. కలబంద ఆకు తొక్క క్రింద ఉండే పసుపు పాలు పిల్లికి వాంతులు, విరేచనాలు కలిగిస్తాయి. (దృష్టి తగలకుండా దానిని గుమ్మానికి తలక్రిందులుగా కట్టే ఆచారం ఎక్కడి నుండి మన వీధులకు వచ్చిందో గాని, ఆ కట్టను త్రెంచేందుకు పిల్లి సాకు కూడా అవసరం లేదు.) పిల్లల దగ్గుకు వాడే వామాకు సైతం పిల్లి కడుపును కలచివేస్తుంది. చామంతి కూడా ఈ జాబితాలోనిదే. చామంతి జాతిలోని ఒక మొక్క నుండి వచ్చే పురుగుమందుకు నకలుగా తయారైన పెర్‌మెత్రిన్ పిల్లులకు మరింత ప్రమాదకరం. కుక్కల గోమార్లకు వాడే మందులో అది ఉంటుంది. ఆ మందును పిల్లి ఒంటికి పూయకూడదు. కుండీలకు ఎరువుగా వేసే ఆముదపు చెక్క కూడా విషమే. వేప చెక్క వాడుకోవచ్చు గాని అదీ మట్టిలో కలిపి కప్పివేయాలి.

ఇన్ని వద్దన్న తరువాత పెంచదగినవేవని పాఠకులు అడుగుతారు. అవి చాలానే ఉన్నాయి. అరెకా పామ్ నిజమైన తాటి కుటుంబపు మొక్క, నిరపాయకరం; తిరుపతి ఎండలకు గదిలో చల్లని పచ్చదనాన్నిస్తుంది. స్పైడర్ ప్లాంట్ ఆకులతో పిల్లులు ఆడుకుంటాయి, కొరుకుతాయి. మొక్క చిరిగిపోతుంది గాని పిల్లికి విషం కాదు. బోస్టన్ ఫెర్న్, కలాథియా, పెపరోమియా, హోయా తీగ మంచివే. ఆస్పరాగస్ ఫెర్న్ మాత్రం పేరుకే ఫెర్న్, దానిని తీసుకోవద్దు. వరండాలో మల్లె, గులాబీ ఉండవచ్చు. గులాబీకి ముళ్ళు తప్ప దోషం లేదు. వంటకు కొత్తిమీర నిక్షేపంగా చల్లుకోవచ్చు. మేము ప్రత్యేకంగా ఇష్టపడేది సబ్జా మొక్క. రమజాన్ షర్బతులో నానబెట్టి వేసే గింజలు దానివే. అరబ్బులు రైహాన్ అనే పేరుతో పిలిచే సుగంధ మొక్కలలో ఇది ఒకటి. సూరయె రహ్మాన్‌లో ఆ పేరు వస్తుంది. ఒక కుండీ, గుప్పెడు గింజలు, కిటికీ ఎండ చాలు.

పిల్లికి ఆకు కొరకాలన్న కోరిక సహజం. దానిని అణచలేము, దారి మళ్ళించవచ్చు. గోధుమలు రాత్రంతా నానబెట్టి వెడల్పాటి మూకుడులో మట్టిపై చల్లితే వారం పది రోజులకు లేత గడ్డి వస్తుంది. దానిని పిల్లి అన్నం తినే చోటనే పెట్టండి. బీడు నేలలో పెరిగే కుప్పింటాకు వేరు వాసనకు పిల్లులు మైమరచి పొర్లుతాయి. మన పొరుగున తమిళులు దానిని పూనైవణంగి, అనగా పిల్లి తలవంచే మొక్క అంటారు. అయినా ఆ మొక్కలో కొంత విషగుణం ఉన్నందున దానిని తెచ్చి కుండీలో పెట్టమని మేము చెప్పము.

పిల్లి ఏదైనా ప్రమాదకరమైన మొక్కను కొరికిందని తెలిస్తే ముందు నోటిలో మిగిలిన ఆకును తీసివేయండి. ఒంటిపై పుప్పొడి ఉంటే తడి గుడ్డతో తుడవండి, దానిని నాకనీయవద్దు. ఉప్పునీరు పోసి వాంతి చేయించే పాత పద్ధతి పిల్లికి రెండవ విషం. తిరుపతిలో 1955 నుండి పశువైద్య కళాశాల ఉన్నది. 2005లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో అది ఇప్పుడు భాగం. చిత్తూరు నుండి అక్కడికి దాదాపు 70 కిలోమీటర్లు. అర్ధరాత్రి వేళ ఆ దూరం చిన్నది కాదు కనుక, మీ ఊరిలో పిల్లులను చూసే వైద్యుని నంబరును ఈరోజే వ్రాసుకొని ఉంచండి. బయలుదేరేటప్పుడు ఆ మొక్క కొమ్మనొకదానిని పూవుతో, ఆకుతో సహా సంచిలో వేసుకొని పోండి. పేరు మీకు తెలియకపోయినా ఫరవాలేదు. నర్సరీవారు చెప్పిన పేరు కంటే ఆ కొమ్మే వైద్యునికి ఎక్కువ చెబుతుంది.