ప్రభల ముందు లాప్‌టాప్ పాట
డీజే సెట్టు కొనేముందు ఆలోచించవలసిన సంగతులు

నరసరావుపేట: మహాశివరాత్రి వచ్చిందంటే కోటప్పకొండ దారులన్నీ ప్రభలతో నిండిపోతాయి. ఊరి పేరు నిలబెట్టాలన్న పట్టుదలతో కట్టిన ఆ ప్రభల వద్ద ఒకప్పుడు మైకు సెట్టువారు గ్రాంఫోను రికార్డు పెట్టి, బాకా స్పీకర్లలో పాట వినిపించేవారు. తర్వాత క్యాసెట్టు వచ్చింది, ఆపైన సీడీ వచ్చింది. ఇప్పుడు ఆ స్థానం లాప్‌టాప్‌ది. నరసరావుపేట మొదలు గురజాల, మాచర్ల దాకా పెళ్లి ఊరేగింపయినా, వినాయక నిమజ్జనమయినా డీజే లేనిదే కుర్రకారుకు తృప్తి లేదు.

ఈ గిరాకీని చూసి అప్పుచేసి సెట్టు కొనాలనుకునే యువకులు ఒక్క సంగతి మరువరాదు. ముహూర్తాలున్న నెలల్లోనే రాబడి. ఆషాఢంలోనూ, మూఢంలోనూ పెళ్లిళ్లు ఆగుతాయిగాని వడ్డీ ఆగదు. అందుచేత ఏది ముందు కొనాలి, ఏది తర్వాత కొనాలి అన్నది తెలుసుకోవడం అవసరం.

రెండు పాటలు, రెండు దారులు

డీజే పని ప్రధానంగా రెండు పాటలను కలపడం. ఒక పాట జనం వింటూ ఉండగా, రాబోయే పాటను ఆపరేటరు హెడ్‌ఫోనులో విని, తాళం సరిచూసి సిద్ధం చేసుకోవాలి. లాప్‌టాప్‌కు మామూలుగా ఉండే హెడ్‌ఫోను రంధ్రం ఒకే శబ్దాన్ని బయటికి పంపుతుంది. కాబట్టి నాలుగు అవుట్‌పుట్లున్న సౌండ్‌కార్డు కావాలి. రెండు ఆంప్లిఫయరుకు, రెండు హెడ్‌ఫోనుకు పోతాయి. డీజే కంట్రోలరు అనే పరికరాలలో చాలావాటికి ఈ కార్డు లోపలే అమర్చి ఉంటుంది. కొనేముందు ఆ సంగతి అడిగి తెలుసుకోవాలి.

సాఫ్ట్‌వేరు విషయానికి వస్తే, మిక్స్ అనే ప్రోగ్రాము పూర్తిగా ఉచితం. విండోస్, మాక్, లినక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది. సెరాటో డీజే లైట్ కూడా ఉచితమే. దాని ప్రో రకానికి డబ్బు చెల్లించాలి. వర్చువల్ డీజేను ఇంట్లో నేర్చుకోవడానికి ఉచితంగా వాడుకోవచ్చుగాని, వృత్తికి వాడితే లైసెన్సు కొనాలి. రికార్డ్‌బాక్స్, ట్రాక్టర్ వంటివాటిని తమతమ కంట్రోలర్లకు అనువుగా తయారుచేశారు. కంట్రోలరు ఏ సాఫ్ట్‌వేరుతో పనిచేస్తుందో ముందు చూసుకొని, తర్వాతే డబ్బు కట్టడం తెలివైన పని. దొంగ కాపీలు ఎక్కించుకుంటే వైరసు బెడద తప్పదు. నడిరాత్రి ఊరేగింపు మధ్యలో ప్రోగ్రాము ఆగిపోతే పోయేది ఒక్క రాత్రి కిరాయి మాత్రమే కాదు, పేరు కూడా.

మీట నొక్కిన తర్వాత శబ్దం ఆలస్యంగా రావడం కొత్తవారిని వేధించే మరో చిక్కు. సెకనుకు 44,100 నమూనాల చొప్పున నడిచే పాటకు బఫరు 1,024గా పెడితే 23 మిల్లీ సెకన్ల ఆలస్యం, 256గా పెడితే సుమారు 6 మిల్లీ సెకన్ల ఆలస్యం ఏర్పడుతుంది. మరీ తగ్గిస్తే కిరకిర మొదలవుతుంది. విండోస్‌లో సౌండ్‌కార్డు తయారీదారు ఇచ్చిన ఏసియో డ్రైవరును వాడడం, వైఫైని, అప్‌డేట్లను ఆపివేయడం మేలు.

రెంటచింతల ఎండలో

పల్నాడుకు మరో ప్రత్యేక సమస్య ఉంది. వేసవిలో రెంటచింతల ఎండల సంగతి రాష్ట్రమంతటికీ తెలిసినదే. చాలా లాప్‌టాప్‌లకు తయారీదారులు చెప్పే పని ఉష్ణోగ్రత 35 డిగ్రీలకు మించదు. వేడెక్కిన యంత్రం తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. అప్పుడు పాట తెగుతుంది. లాప్‌టాప్‌ను నీడలో, అడుగున గాలి ఆడే స్టాండు మీద ఉంచాలి. ఫ్యాను రంధ్రాలలో దుమ్ము చేరకుండా చూడాలి. పాటలన్నీ మరో పెన్‌డ్రైవులో కూడా ఉంచుకోవాలి.

వాట్లు రెట్టింపయితే మోత రెట్టింపవదు

ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. పక్క ఊరి సెట్టును మించాలని రెట్టింపు వాట్ల ఆంప్లిఫయరు కొంటారు. వాట్లు రెట్టింపయితే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి మోత రెట్టింపయినట్లు తోచాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పదిరెట్ల వాట్లు కావాలి. ఆ పోటీకి అంతు లేదు. అదే డబ్బుతో మంచి బాక్సులు, గట్టి తీగలు కొంటే పాట స్పష్టంగా వినిపిస్తుంది.

8 ఓముల బాక్సులు రెండింటిని పక్కపక్కన కలిపితే భారం 4 ఓములు, నాలుగింటిని కలిపితే 2 ఓములు అవుతుంది. ఆంప్లిఫయరు ఎంత భారం మోయగలదో దాని మీదే రాసి ఉంటుంది. అది చూడకుండా బాక్సులు తగిలిస్తే యంత్రం కాలిపోవచ్చు. ఎర్రదీపం వెలుగుతున్నా శబ్దం పెంచుతూ పోతే బాక్సులలోని డ్రైవర్లు దెబ్బతింటాయి.

లైట్లకూ, సౌండుకూ ఒకే జనరేటరు వాడితే గుయ్యిమనే మోత రావచ్చు. ఆ మోత పోతుందని ఎర్తు పిన్ను తీసివేయడం ప్రాణాంతకం. ట్రాక్టరు మీద బాక్సులు ఎత్తుగా పేర్చేటప్పుడు కరెంటు తీగల ఎత్తును చూసుకోవడం మరింత ముఖ్యం.

చట్టం, చెవి

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడుస్పీకరుకు ముందుగా రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. బహిరంగ ప్రదేశాలలో రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు వాడరాదు. పండుగల సందర్భంగా ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ ప్రమాణం. హైదరాబాదులో 2024 అక్టోబరులో మతపరమైన ఊరేగింపులలో డీజేలను పోలీసులు నిషేధించారు. ఉన్నదంతా పెట్టుబడి పెట్టేవారు ఈ సంగతిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

అన్నిటినీ మించి చెవి. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలు, 100 డెసిబెల్స్‌లో 15 నిమిషాలు మించి ఉండరాదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ సూచన. బాక్సుల పక్కనే తెల్లవార్లూ నిలబడే ఆపరేటరుకు ఈ పావుగంట మొదటి మూడు నాలుగు పాటలలోనే అయిపోవచ్చు. శబ్దంతో దెబ్బతిన్న లోచెవి కణాలు మళ్లీ మొలవవు. చెవిలో పెట్టుకునే బిరడాల ఖరీదు సెట్టు ధర ముందు లెక్కలోది కాదు. కొనవలసిన సరుకుల జాబితాలో వాటినే మొదట రాసుకోవడం మంచిది. ఆంప్లిఫయరు కాలితే మరొకటి తెచ్చుకోవచ్చు. అప్పు తీరేదాకా అయినా చెవి పనిచేయాలి కదా!