ఓటుతో వచ్చిన న్యాయాధీశుడు

న్యాయమూర్తులను ఎవరు నియమించాలన్న తగవు ఢిల్లీకి కొత్తది కాదు. జాతీయ న్యాయ నియామకాల కమిషన్‌ను 2015 అక్టోబరు 16న సుప్రీంకోర్టు కొట్టివేసిన తర్వాత కూడా అది సద్దుమణగలేదు. అయితే ఈ తర్కమంతా పై కోర్టుల చుట్టూనే తిరుగుతున్నది. సామాన్యుడు తన జీవితంలో ఎక్కే మెట్లు మున్సిఫ్ కోర్టువో, జిల్లా కోర్టువో మాత్రమే. అక్కడ కూర్చునే న్యాయాధీశుని గురించి రాజధానిలో ఆలోచించేవారు అరుదు.

అందుకే ఈ వారం ఒక జిల్లా జడ్జి కథను పాఠకుల ముందుంచదలచాను. ఆయన కొంతకాలం ఇక్కడి సుప్రీంకోర్టులోనే వకాలతు చేసినవాడు. జడ్జి అయినది మాత్రం అమెరికాలో, అదీ ప్రజల ఓట్లతో.

సురేంద్రన్ కె. పటేల్‌ది కేరళలోని కాసరగోడ్ జిల్లా, దినకూలీల కుటుంబం. పదో తరగతి తర్వాత చదువు మాని కొంతకాలం బీడీలు చుట్టాడు. మళ్ళీ కళాశాలలో చేరాడు. హోటల్లో పనిచేస్తూ కోళిక్కోడ్‌లో న్యాయశాస్త్రం చదివి 1995లో పట్టా పుచ్చుకున్నాడు. హోస్‌దుర్గ్ కోర్టులో ప్లీడరయ్యాడు. నర్సు అయిన భార్య ఉద్యోగరీత్యా ఢిల్లీకి, 2007లో టెక్సాస్‌లోని హ్యూస్టన్‌కు చేరాడు. అక్కడ మొదట దొరికిన పని కిరాణా దుకాణంలో. తర్వాత ఆ రాష్ట్రపు న్యాయవాద పరీక్ష నెగ్గాడు. 2017లో పౌరసత్వం వచ్చింది. 2022 నవంబరు ఎన్నికల్లో ఫోర్ట్ బెండ్ కౌంటీ 240వ జిల్లా కోర్టుకు డెమోక్రటిక్ పార్టీ అభ్యర్థిగా గెలిచి, 2023 జనవరిలో పీఠమెక్కాడు. ప్రచారంలో ఆయన ఉచ్చారణను ఆక్షేపించినవారు లేకపోలేదు.

టెక్సాస్‌లో జిల్లా జడ్జి పదవి 4 ఏళ్ళు. పార్టీ టిక్కెట్టు కావాలి, విరాళాలు పోగుచేయాలి. ఆ విరాళాలిచ్చేవారిలో రేపు అదే జడ్జి ముందు వాదించవలసిన న్యాయవాదులూ ఉంటారు. 2018లో పొరుగున ఉన్న హారిస్ కౌంటీలో డెమోక్రటిక్ గాలి వీచినప్పుడు, బరిలో ఉన్న రిపబ్లికన్ జడ్జీలందరూ ఒక్క రాత్రిలో ఓడిపోయారు. వారిలో సమర్థులెవరో, అసమర్థులెవరో గాలికేమి తెలుస్తుంది?

అమెరికా అంతటా ఇదే పద్ధతి అనుకోరాదు. మన విజయవాడలో పుట్టి ఉస్మానియాలో చదివిన జయ బాడిగను 2024లో శాక్రమెంటో సుపీరియర్ కోర్టు జడ్జిగా నియమించినది కాలిఫోర్నియా గవర్నరు. ప్రమాణస్వీకార సభలో ఆమె తెలుగులో నమస్కారం చెప్పడం మనవారికి గుర్తుండే ఉంటుంది.

మన రాజ్యాంగం ఎన్నికల దారి తొక్కలేదు. 233వ అధికరణం ప్రకారం హైకోర్టును సంప్రదించి గవర్నరు జిల్లా జడ్జిని నియమిస్తారు. 235వ అధికరణం కింది కోర్టులపై అదుపును హైకోర్టుకు అప్పగించింది. ఇదే మంచిదని నా నమ్మకం. ఊరంతా దోషి అంటున్నవాణ్ణి సాక్ష్యం లేదని విడిచిపెట్టవలసిన జడ్జికి వచ్చే ఎన్నిక జ్ఞాపకం రాకూడదు. కాని బదిలీకి జంకే జడ్జి చేతిలోనూ త్రాసు వణుకుతుందన్న సంగతి మనం మరువరాదు.

పటేల్ కథలో మనం నేర్చుకోవలసింది బ్యాలెట్ పెట్టె గురించి కాదు, తలుపు గురించి. బీడీలు చుట్టిన బాలుడికి న్యాయపీఠం అందింది. మన దగ్గర అటువంటి బాలుడికి అందుతుందా? జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ళ న్యాయవాద అనుభవం ఉండి తీరాలని 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కోర్టు చూడని కుర్రవాడు తీర్పులు చెప్పరాదన్న ఉద్దేశం సమంజసమే. అయితే సీనియర్ ఫైళ్ళు మోసే జూనియరుకు ఆ మూడేళ్ళలో దక్కేది బస్సు చార్జీలకే చాలదు. తండ్రి ఆస్తిపరుడైతే గడుస్తుంది. కూలివాని కొడుకు ఏం తిని నిలవాలి?

కింది కోర్టుల్లో 4 కోట్లకు పైగా వ్యాజ్యాలు పేరుకుపోయిన దేశమిది. 1976లో 42వ సవరణ వాగ్దానం చేసిన అఖిల భారత న్యాయ సర్వీసు నేటికీ కాగితం దాటలేదు. పెద్ద కోర్టుల నియామకాలపై వాదులాడుకునే ప్రభుత్వమూ న్యాయవ్యవస్థా కలిసి ఆ జూనియర్లకు మూడేళ్ళపాటు జీవనభృతి కల్పిస్తే, రేపటి జిల్లా కోర్టుల్లో పేదవాని గోడు ఎరిగిన న్యాయాధీశులు కొందరైనా కూర్చుంటారు.